కొమ్ముల దుప్పి

ఆదివారం పొద్దున్నే మా వీధి ఆడవాళ్ళంతా తలంటుకుని, ఇస్త్రీ చీరలు కట్టుకుని గుణదల మాత గుడిలో పూజకెళ్ళారు. నేను మాత్రం కొండపల్లి అవతల సర్కారు అడవిలో, పరికి కంపల మధ్య గొంతుక్కూర్చున్నాను. పక్కన నా మొగుడు అబ్రహాము. ఆయన చేతిలో నాటు తుపాకీ. దుప్పి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఆ దేవుడికే తెలియాలి. ఫారెస్టు వాళ్ళు పట్టుకుంటే ఇద్దరం జైల్లోనే. ఈ వయసులో నాకు ఇదొక్కటే తక్కువైంది.

అబ్రహాము ఆటోనగర్లో లారీ బాడీలకు వెల్డింగు చేసేవాడు. ముప్ఫై ఏళ్ళు ఆ మంటను చూసి చూసి కళ్ళు పాడైపోయాయి. అద్దం పెట్టుకోవయ్యా అంటే ఏనాడూ వినలేదు. ఈమధ్య షెడ్డువాళ్ళు ఇక పన్లోకి రావద్దన్నారు. కంచంలో కూర ఎటుందో చేత్తో తడుముకుంటాడు. అదేంటయ్యా అని అడిగితే మాత్రం, "నా చూపుకేంటే? గద్ద చూపు నాది," అంటాడు.

ఇన్నాళ్ళూ వేటకు భానుచందర్ తోడెళ్ళేవాడు. అదే షెడ్డులో పెయింటింగు చేస్తాడు. పొదల్లో నోరు విప్పితే దుప్పి బెదిరిపోతుంది కాబట్టి వాళ్ళకో పద్ధతి ఉంది. తోడున్నవాడు జంతువును చూసి, తుపాకీ పట్టినవాడి భుజం మీద చెయ్యి వెయ్యాలి. చెయ్యి పడితేనే పేల్చాలి. మొన్న అబ్రహాము చెయ్యి పడకుండానే పేల్చాడు. పొద కదిలిందని పేలిస్తే, దాని వెనక మేకలు కాసుకునే ముసలాయన ఉన్నాడట. గుండు ఆయన తలపాగా పక్కనుంచి పోయింది. ఆ సాయంత్రం భానుచందర్ మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"వదినా, అన్నకి చూపు ఆనట్లేదు. ఇంకోసారి పోతే మనిషిని చంపుతాడు. నేనింక రాను. నువ్వే ఆపాలి."

ఆపడమంటే మాటలా! అరిచాను, అలిగాను, తుపాకీ తీసి అటక మీద దాచాను. ఆయన అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. "షెడ్డుకి రావద్దన్నారు, మానేశా. ఇదీ మానేస్తే ఇంక నేనెందుకే?" అన్నాడు. ఒక్కడే పోయి ఎవరి ప్రాణమో తీసేకంటే, పక్కన నేనుండటమే నయమనిపించింది. "లే, నేనొస్తా," అన్నాను.

అందుకే ఈ కంపల్లో నా పాట్లు. ముళ్ళు చీరను పీకుతున్నాయి. మోకాళ్ళు పట్టేశాయి. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎండెక్కింది. దుప్పి రాకూడదు, ఈయన విసుగెత్తి ఇంటికి పోదామనాలి, అదే నా ప్రార్థన.

అంతలో ఎదురుగా పొదలు గలగలమన్నాయి. అబ్రహాము తుపాకీ ఎత్తాడు. నేను మెడ సాచి చూశాను. ఎవరో ఒకామె, కట్టెలకొచ్చినట్టుంది, నెత్తిన మోపుతో వంగి వంగి నడుస్తోంది.

వద్దని అడ్డంగా తలూపాను. చూపే ఆనని మనిషికి తలూపితే ఏం తెలుస్తుంది, నా మొహం! పట్టుకుని ఆపుదామంటే, చెయ్యి పడిందంటే పేల్చమనే అర్థం. అరుద్దామంటే ఉలిక్కిపడి నొక్కేస్తాడేమో. ఆయనేమో నా చెయ్యి కోసమే కాచుకుని ఉన్నాడు. "వెయ్యవేంటే," అని పెదాలతోనే గొణిగాడు. వేలు బిగుస్తోంది. ఇక లాభంలేదని రెండు చేతులతో గొట్టాన్ని కిందనుంచి పట్టుకుని ఆకాశం వైపు ఎత్తేశాను. మరియమ్మ తల్లి దయ, పేలలేదు.

ఆమె మమ్మల్ని చూడనే లేదు. తన దారిన తాను దిగువకు వెళ్ళిపోయింది. అబ్రహాము నా మీద విరుచుకుపడ్డాడు.

"దరిద్రపుదానా! చేతికందిన దుప్పిని పోగొట్టావు కదే! కొమ్ములు చూశాను నేను. ఇంతింత కొమ్ములు!"

"కొమ్ములు కాదయ్యా. కట్టెల మోపు."

"ఏంటీ?"

"మోపయ్యా. దాని కింద మనిషి. ఆడమనిషి."

తుపాకీ కిందికి దించాడు.

"దెబ్బేం తగల్లేదుగా ఆమెకి?" అన్నాడు.

"నువ్వు పేలిస్తేగా తగలడానికి?"

"తగల్లేదుగా?" అని మళ్ళీ అడిగాడు.

"లేదయ్యా. చక్కగా నడుచుకుంటూ పోయింది."

నీళ్ళ సీసా ఇమ్మన్నాడు. తెల్లారినప్పటినుంచీ ఇద్దరం గుక్కెడు తాగలేదు, తాగుతాడనుకుని ఇచ్చాను. ఆయన తుపాకీ గొట్టం మూతిని వేలితో తడుముకుని, దట్టించిన మందు తడిసిపోయేలా సీసాడు నీళ్ళూ అందులో ఒంపేశాడు. సగం ఆయన కాళ్ళ మీదే పోయాయి. తిట్టాలని పొద్దుటినుంచీ కూడబెట్టుకున్న తిట్లన్నీ మర్చిపోయి నేను ఏడ్చేశాను.

"లే, పోదాం," అన్నాను.

లేచి, రెండడుగులు వేసి కంపకు తగులుకుని ఆగిపోయాడు.

"నువ్వు ముందు నడు అమలా," అన్నాడు. "నాకు దారి కనపడట్లేదు."