మేనేజర్ ఆటలో మనుషుల కొరత

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పగానే మా మేనేజర్ శ్యాంసుందర్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మూడేళ్లలో ఎప్పుడూ కూర్చోనివాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

"జర గిది చూడు ముత్యం," అంటూ ఫోన్ నా ముందుకు జరిపాడు. అదేదో ఊరు కట్టే ఆట. ఆ ఊళ్లో బట్టల మిల్లు ఉంది గానీ, పనివాళ్లు చాలక సగం సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయాయి. "మనుషులు సరిపోతలేరు. ఏం జెయ్యాలె?"

ఆటట ఆట! మిల్లులో కూర్చుని మిల్లు ఆట ఆడేవాణ్ని ఎవరు నమ్ముతారు? ఆ రోజు నా బామ్మర్ది పరమేశ్ పనిలో లేడు. సూరత్ దగ్గరి కిమ్ అనే ఊళ్లో ఇంకో మిల్లులో పని అడగడానికి పోయాడు. అక్కడ ఖాయం కాకముందే ఇక్కడ తెలిస్తే ఉన్నది కాస్తా ఊడుతుంది. వాడి భార్యకు ఏడో నెల. అందుకే హాజరు పట్టీలో వాడి సంతకం నేనే గీకాను. వాడి ఎనిమిది సాంచాలు నేనూ మా ఊరి నర్సింగం చెరి నాలుగు పంచుకున్నాం. సూరత్‌లో మా ఊరివాళ్లం ఒకరినొకరం ఇట్లాగే కాసుకుంటాం.

"నాకేం ఎరుక సార్? ఆటలు గీటలు రావు," అన్నాను అన్నం కలుపుకుంటూ.

ఆయన కదల్లేదు. ఆటలో పొలాల్లో మనుషుల్ని తీసి మిల్లులో పెట్టాడు. ఊళ్లో తిండి తగ్గి, ఉన్న పనివాళ్లు కూడా మూటాముల్లె సర్దుకున్నారు. ఇరవై ఏళ్లుగా సాంచాల మధ్య బతికినవాణ్ని. కళ్లముందు అవి ఊరికే ఆగి ఉంటే ఒళ్లు మండింది.

"పొలంల మనుషుల్ని ఎందుకు తీస్తవ్ సార్? మిల్లుల ఉన్నోళ్లకే తలా నాలుగు సాంచాలు ఎక్కువియ్యి. ఒక్కదినం పన్నెండు నడిపితే సస్తరా? నేనూ నర్సింగం పొద్దటిసంది నడుపుతలేమా!"

నోరు జారిందని అన్నాక గానీ తెలియలేదు.

శ్యాంసుందర్ నేను చెప్పినట్టే చేశాడు. ఆటలో మిల్లు నడిచింది. ఆయన ముఖం వెలిగిపోయింది. నిజంగా ఆటే ఆడుతున్నాడు పాపం. అనవసరంగా అనుమానించానని సిగ్గేసింది, ప్రాణం కుదుటపడింది.

ఆయన లేచి ఫోన్ జేబులో వేసుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"అవును ముత్యం, మీకు తలా ఎనిమిదే కదా! ఆ ఎక్కువయి పరమేశ్‌వేనా? వాడు వచ్చినట్టు పట్టీల ఉన్నదే!"

సగం తిన్న డబ్బాకు మూత పెట్టేశాను.