చేదు గుండీలు

ముక్కల మాస్టారికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. ఆయనే దాన్ని ఎక్కడో భద్రంగా దాచి, దాచిన చోటు మర్చిపోయాడు. వృత్తి దర్జీ. ఎవరు ఎంత బట్ట తెచ్చినా టేపు పెట్టి కొలిచి, మొహం చిన్నబుచ్చుకుని, "ఇంకో జానెడు ఉంటే బాగుండేదండీ" అనేవాడు. తీరా కుట్టడం అయ్యేసరికి ఆ చాలీచాలని బట్టలోంచే ఒక ముక్క మిగిలేది. దాన్ని దొంగతనం అంటే ఆయనకు ఒళ్లు మండిపోయేది. "అది కత్తెర మామూలు. నాకు కాదు, కత్తెరకి" అనేవాడు.

ఆ ముక్కలే ఇల్లంతా. ముందుగదికీ వంటింటికీ మధ్య వేలాడే తెర ముక్కలది, దిండు గలీబులు ముక్కలవి, మిషన్ మీద కప్పే గుడ్డ ముక్కలది. ఆరేళ్ల కూతురు పిచ్చుక వేసుకునే గౌను సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పిల్ల వీధిలోకి వెళితే నలుగురూ ఆపి మరీ చూసేవారు. "ఈ భుజం నా పెళ్లి చొక్కాదే!" అనేవాడు కిరాణాకొట్టాయన. "ఈ కుచ్చు మా కిటికీ పరదా" అనేది మూలింటావిడ. పిచ్చుక మాత్రం ఎవరి ముక్క వాళ్లకు వేలుపెట్టి చూపించి, ముద్దుగా నవ్వి, వాళ్ల దగ్గర పిప్పరమెంటు బిళ్లలో బిస్కెట్లో పుచ్చుకుని ఇంటికొచ్చేది. తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది!

మాస్టారికి ఖర్చంటే దడ. డబ్బుని డబ్బుగా లెక్కపెడితే గుండె ఆగుతుందని కాబోలు, అన్నీ బట్టల్లోనే లెక్కేసేవాడు. కూరగాయల సంచీ నిండితే ఒక జాకెట్టు పోయింది. కరెంటు బిల్లు వస్తే రెండు చొక్కాలు పోయాయి. బంధువులెవరైనా వచ్చి వారం రోజులు ఉంటే, పాపం, ఆ వారమంతా ఆయన కళ్లకు వాళ్లు సూటు వేసుకుని తిరుగుతున్నట్టే కనిపించేవారు.

అలాంటి ఇంట్లో పిచ్చుకకు జ్వరం వచ్చింది.

మధ్యాహ్నం ఎండలో పిల్ల గజగజ వణుకుతోంది. ఇల్లాలు ఇంట్లో ఉన్న ముక్కల దుప్పట్లన్నీ కప్పింది. అయినా మంచం టకటకమంటోంది. ఆమె భయపడి అక్కకు కబురు పెట్టింది. ఆ అక్క మాస్టారికి వదిన, వీధి మొత్తానికీ ఆరోగ్య కార్యకర్త. ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూడటం, మాత్రలు ఇవ్వడం, ఇచ్చాక వేశారా లేదా అని ప్రాణాలు తోడెయ్యడం ఆమె ఉద్యోగం. మనిషి కన్నా ముందు గొంతు గుమ్మంలోకి వచ్చేది.

"ఏమయ్యా మరిదీ! పిల్లకి ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"నిన్న సాయంత్రం నుంచి వదినా. చలేమో అనుకున్నా."

"చెమటలు కారిపోతుంటే చలేంటయ్యా? అవునూ, నేనిచ్చిన దోమతెర ఏదీ?"

మాస్టారు ఇంటి కప్పు కేసి చూశాడు. దోమతెర మూలింటావిడ మనవరాలి గౌను కింద బుట్టలా నిలబడే కుచ్చులై చాలా కాలమైంది. వదినకు అర్థమైంది. ఆ సంగతి తర్వాత తేలుస్తానన్నట్టు ఒక చూపు చూసి, సంచీలోంచి పరీక్ష చేసే పట్టీ తీసింది. పిల్ల వేలి మీద సూదితో చిన్న పోటు పొడిచి, రక్తపు చుక్క పట్టీలో వేసింది. పిచ్చుక కిక్కురుమనలేదు. పొద్దస్తమానం సూదులతోనే బతికే మాస్టారు మాత్రం రెండు చేతులతో కళ్లు మూసుకుని "అయిపోయిందా? అయిపోయిందా?" అంటూ గోడకు అతుక్కుపోయాడు.

"ఒక గీత వస్తే ఏం లేనట్టు. రెండొస్తే మలేరియా" అంది వదిన.

కాసేపటికి రెండు గీతలొచ్చాయి. వదిన పసుపుపచ్చ మాత్రలు లెక్కపెట్టి, మొదటి విడత తన ఎదురుగానే మింగించింది. పిల్ల మొహం వికారంగా పెట్టి సగం చేదు వదిన మొహాన ఉమ్మింది. వదినకు అది అలవాటే. కొంగుతో తుడుచుకుని, మిగతా మాత్రలు కాగితంలో పొట్లం కట్టి మాస్టారి చేతిలో పెట్టింది.

"మూడు రోజులు, పొద్దున రెండు, సాయంత్రం రెండు, అన్నం తిన్నాక. రేపటికే జ్వరం తగ్గుద్ది. తగ్గిందని ఆపావో, నీ మిషన్ మీదే నీ చెవులు కుట్టేస్తా. చివరి మాత్ర దాకా పడాలి. అర్థమైందా?"

"అర్థమైంది వదినా. మరి... ఎంతివ్వాలి?"

"ఏమీ ఇవ్వక్కర్లేదు."

మాస్టారి మొహం వెలిగిపోయింది. పరీక్షకి ఒక ప్యాంటు, మందులకి రెండు చొక్కాలు, అంతా మిగులే! ఆ సంతోషంలో వదినకు మంచినీళ్లు కూడా ఆయనే తెచ్చిచ్చాడు.

"అంతగా ఇవ్వాలనుంటే నా కోటు తొందరగా కుట్టు. వచ్చేవారం పట్నంలో సభ ఉంది. బాగా పనిచేశానని వేదిక మీదికి పిలిచి జ్ఞాపిక ఇస్తారట. గుండీలకి కూడా కోటు గుడ్డే తొడిగించు, అందంగా ఉంటాయి" అని చెప్పి వదిన వెళ్లిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నానికి పిచ్చుక మంచం మీద గెంతుతోంది. సాయంత్రం మాత్ర వెయ్యడానికి పొట్లం విప్పిన మాస్టారు అలాగే నిలబడిపోయాడు. ఇంకా ఆరు మాత్రలున్నాయి. పిల్ల చూస్తే సొరుగులోంచి దారపు ఉండ లాక్కుని వీధి చివరిదాకా పరిగెత్తింది. జ్వరానికి సరిపడా మందు అయిపోయింది, ఇది మిగిలింది. మిగిలిన దాన్ని ఏం చెయ్యాలో ఆయనకు ఒకరు చెప్పాలా? వదిన ఆడమనిషి, చేతికి ఎముక లేకుండా ఇచ్చేసి ఉంటుంది. రేపు మళ్లీ జ్వరమొస్తే? మూలింటావిడ మనవరాలికి వస్తే? అసలు తనకే వస్తే? ఇలా నలుగురి మేలూ ఆలోచించి, ఆరు మాత్రల్నీ గుండీల రేకుడబ్బాలో వేసి మూత పెట్టాడు. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా సాఫు చేసి మడత పెట్టి దాచాడు.

"మాత్ర వేశారా?" అని ఇల్లాలు వంటింట్లోంచి అడిగింది.

"అన్నీ అయిపోయినట్టే" అన్నాడు మాస్టారు. అబద్ధం కూడా పూర్తిగా ఖర్చుపెట్టే మనిషి కాదు.

ఆ ఇంట్లో కాజాలూ గుండీలూ ఇల్లాలి పని. గుడ్డ తొడిగే గుండీలంటే లోపల ఏమున్నా ఒకటే కదా. అరిగిన గుండీ, విరిగిన గుండీ, అట్టముక్క, ఏది గుండ్రంగా ఉంటే అది పెట్టి పైన గుడ్డ బిగించేసేది. కొత్త గుండీలు కొననివ్వని మొగుడితో కాపురం చేసి నేర్చుకున్న విద్య అది. మర్నాడు అక్క కోటు ముందేసుకుని, ఒక కన్ను పొయ్యి మీదున్న పాల మీద వేసి, డబ్బాలో చెయ్యిపెట్టి చేతికి గుండ్రంగా తగిలినవి ఆరు తీసింది. గుడ్డ చుట్టి, దారం బిగించి, వరసగా కుట్టేసింది. కోటు చూసి వదిన మురిసిపోయింది, ఆ సంబరంలో మాత్రల సంగతి అడగడమే మర్చిపోయింది. అది తొడుక్కుని వీధంతా ఒక చుట్టు తిరిగి, మంచి రోజు చూసుకుని పట్నం బస్సెక్కింది.

ఆమె బస్సెక్కిన పొద్దునే పిచ్చుకకు జ్వరం తిరగబెట్టింది.

ఈసారి వణుకు చూసి మాస్టారు మిషన్ ఆపేసి లేచాడు. పిల్ల కళ్లు తెరవడం లేదు. "నాన్నా, నా కాళ్లెక్కడున్నాయి?" అని అడుగుతోంది. డబ్బాలో దాచిన మాత్రలు గుర్తొచ్చి ఆత్రంగా మూత తీశాడు. గుండీలున్నాయి, హుక్కులున్నాయి, మాత్రల్లేవు! డబ్బా బోర్లించి నేలంతా వెతికాడు. ఇల్లాలిని అడుగుదామంటే ఏమని అడగాలి? అయిపోయాయని తానే చెప్పాడాయె. గుండీలన్నీ మళ్లీ డబ్బాలోకి ఊడ్చి, పిల్లను భుజాన వేసుకుని పరిగెత్తాడు.

ఆటోకి ఒక జాకెట్టు. ప్రైవేటు ఆసుపత్రిలో పేరు రాసుకున్నందుకు ఒక చొక్కా. డాక్టరుగారు మొహం చూపించినందుకు రెండు చొక్కాలు. రక్తపరీక్షకి ప్యాంటు. టానిక్కుకి ఒక పైజామా, పైగా ఆ సీసా మూత ఊడి సగం టానిక్కు బల్ల పాలు. పిల్ల తలకింద పెట్టడానికి దిండు అద్దె అంటే ఆ వేదనలోనూ ఆయన నోరు తెరిచాడు. కొట్టు మూసేసి రావడంతో, ఆ సాయంత్రానికి ఇవ్వాల్సిన సూటు కోసం ఒక పెళ్లికొడుకు మూసిన తలుపు ముందు కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ మాస్టారి వంశచరిత్ర చెబుతున్నాడు.

డాక్టరుగారు కాగితాలు చూసి కళ్లజోడు తీశారు.

"మలేరియానే. ఈ మధ్య ఒకసారి వచ్చిందన్నారుగా? మందు వాడారా?"

"వాడాం సార్. మా అక్కే ఇచ్చింది" అంది ఇల్లాలు.

"పూర్తిగా వాడారా?"

ఇల్లాలు మొగుడి కేసి చూసింది. మాస్టారు తల అటూ కాకుండా ఇటూ కాకుండా గుండ్రంగా ఊపాడు.

"పూర్తిగా వాడినా తిరగబెట్టిందంటే ఆ మందు పిల్లకు పనిచెయ్యట్లేదన్నమాట. పెద్దాసుపత్రిలో చేర్పించండి. ఎన్నాళ్లుంచుతారో చెప్పలేను. ఖర్చు కూడా బాగానే అవుతుంది, సిద్ధపడండి."

మాస్టారు లెక్కేశాడు. వీధి మొత్తానికీ బట్టలు కుట్టినా చాలదు. మిషన్ అమ్మాలి. మిషన్ అమ్మితే కుట్టేదేమిటి, తినేదేమిటి? ఆ లెక్క మధ్యలోనే పిచ్చుక వేడి చెయ్యి ఆయన చొక్కా గుండీ పట్టుకుంది. లెక్క అక్కడే తెగిపోయింది. ఆయనకు ఒక్కసారిగా అసలు సంగతి కనిపించింది. తాను మిగిల్చింది మాత్రలు కాదు. పిల్ల ఒంట్లో జ్వరం ముక్క ఒకటి మిగిల్చాడు. అది అక్కడే పెరిగి ఇంతైంది. సిగ్గుతో, భయంతో ఆయన కళ్లు నీళ్లతో నిండాయి.

"డాక్టరుగారూ..." అని నోరు తెరిచాడు.

అప్పుడే ఆసుపత్రి గుమ్మంలో గొంతు వినిపించింది. వెనకే మనిషి వచ్చింది. బస్సు దిగి ఇంటికెళితే పెళ్లికొడుకు ఇటు పంపాడట. కోటు ముందుభాగం పిన్నీసులతో పట్టి ఉంది. ఒక చేతిలో జ్ఞాపిక, ఇంకో చేతిలో గుప్పిట.

"మరిదీ! నా గుండీ చేదుగా ఎందుకుందయ్యా?"

ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారికి మాత్రం సగం అర్థమైంది.

"వేదిక మీద నా పేరు పిలుస్తున్నారు. గుండీ దారం వేలాడుతోంది. కత్తెరెక్కడిది? పళ్లతో కొరికా. కొరికితే గుండీ కూడా పటుక్కుమంది. నోరంతా విషం! ఆ చేదు నాకు తెలీదా? వారానికో పిల్ల ఉమ్ముద్ది నా మొహాన! సరిగ్గా పెద్దాఫీసరు చెయ్యి చాచి అభినందనలు అంటున్నప్పుడు నేను థూ అన్నాను! జనమంతా చూశారు! ఫొటో కూడా తీశారు!"

గుప్పిట విప్పింది. కోటు గుడ్డ పేలికల్లో పసుపుపచ్చ మాత్రలు, ఒకటి కొరికింది, అయిదు నిక్షేపంగా. ఇల్లాలు వాటిని చూసింది, అక్క కోటు చూసింది, తన చేతుల్ని చూసుకుంది. ఆఖర్న మొగుణ్ణి చూసింది.

"అయిపోయినట్టే అన్నారు కదండీ?"

"చెప్పబోతున్నా" అన్నాడు మాస్టారు. నిజమే చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు.

డాక్టరుగారు నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు రెండుసార్లు తుడిచారు. "అయితే మందు తప్పేమీ లేదు. పెద్దాసుపత్రి అక్కర్లేదు. ఇదే మందు కొత్తది, మొదట్నుంచి మొదలెట్టండి. ఈసారి గుండీలకి కాదు, పిల్లకి."

వదిన తన సంచీలోంచి కొత్త మాత్రలు తీసింది. ఈసారి పొట్లం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ప్రతి పూటా స్వయంగా వచ్చి, అన్నం పెట్టించి, మాత్ర వేయించి, మాస్టారి రెండు చేతులూ విప్పించి చూసి, డబ్బా మూత కూడా తీసి చూసి వెళ్లేది. పిల్ల ఉమ్మడానికి మొహం కావాల్సి వచ్చినప్పుడల్లా మాస్టారి మొహమే ముందుకు తోసేది. మూడో రోజు సాయంత్రం చివరి విడత మాత్రలు చూసి, అప్పటికే కోలుకున్న పిచ్చుక గారాలు పోయింది.

"ఇవి దాచుకుందామా నాన్నా?"

"వద్దమ్మా" అన్నాడు మాస్టారు. "కొన్నిటిని మిగల్చకూడదు. మింగేయ్ తల్లీ."

ఆ వారమంతా ఆయన కూర్చుని, వదిన ఇచ్చిన బట్టతో ఆమెకు కొత్త కోటు కుట్టాడు. బజారుకెళ్లి నిజం గుండీలు కొన్నాడు. కొట్టువాడు ఆ డబ్బును వెలుతురులో పెట్టి మరీ చూసుకున్నాడు. కోటు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆమె ఇంకో దోమతెర ఇచ్చింది. మాస్టారు దాన్ని అంగుళం కూడా కత్తిరించకుండా తెచ్చి పిల్ల మంచానికి కట్టాడు. కట్టేటప్పుడు ఒక మూల ఎక్కువైనట్టు కనిపిస్తే కత్తెర చెయ్యి కాస్త దురద పెట్టింది కానీ, ఆ మూలను పరుపు కిందికి తోసేసి గబగబా బయటికొచ్చాడు.

సాయంత్రం వదిన తన కోటు పొట్లం చంకలో పెట్టుకుని పరుగున వచ్చింది. మొహంలో కంగారు.

"ఇదేంటి మరిదీ? కోటుతోపాటు పొట్లంలో ఈ గుడ్డ ముక్కలేంటి?"

"మిగిలాయి వదినా. మీ బట్టే కదా."

వదిన మరిది నుదుటి మీద చెయ్యి వేసింది. నాలుక చాపించి చూసింది. ఆయన వద్దు మొర్రో అంటున్నా వినకుండా కుర్చీలో కూలదోసి, చెల్లెల్ని పిలిచి చేతులు పట్టించి, సంచీలోంచి సూది తీసింది. మాస్టారు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "ఏం కాదు నాన్నా, చీమ కుట్టినట్టుంటుంది" అని పిచ్చుక ఆయన చెయ్యి పట్టుకుంది. నలుగురూ పట్టీ మీదికి వంగి ఊపిరి బిగబట్టారు.

ఒక్క గీతే వచ్చింది.

"జ్వరం కాదే" అంది వదిన చెల్లెలితో, తేలిగ్గా నిట్టూర్చి. "బుద్ధే వచ్చినట్టుంది."