తవుడుకు కొన్న కొడుకు

రాఘవేందర్‌ను చిన్నప్పుడు మొయినాబాద్ బజారంతా "తవుడుకు కొన్న కొడుకు" అని ఏడిపించేది. కడుపున పుట్టినవాళ్ళు దక్కకపోతే, తర్వాతి బిడ్డను పరాయి ఆడదాని చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కోవడం అక్కడి వాడుకే. ఆ బేరంలో యముడు కూడా మోసపోతాడని నమ్మకం. కిరాణా దుకాణం అరుణాదేవి ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్నాక, పూలతోటలో కూలికి పోయే అంతమ్మ దగ్గర కొడుకును అలాగే కొన్నది. అందరూ ఆనవాయితీ అనుకున్నారు. మూడో బిడ్డ కూడా పురిట్లోనే పోయిందని, ఇది నిజం బేరమేనని తెలిసినవాళ్ళు నలుగురే. వాళ్ళలో మంత్రసాని పోయింది, అరుణాదేవి భర్త వెంకటేశం పోయాడు.

నలభై ఆరేళ్ళయింది, ఇక ఫికర్ లేదనుకున్న ముసలమ్మ నెత్తిన మనుమరాలు అక్షిత పిడుగు వేసింది. హైటెక్ సిటీలో ఉద్యోగం, సెలవొస్తే వంశవృక్షం పిచ్చి. పంచాయతీ పుట్టుకల రిజిస్టరు నకలు, తండ్రి బడి కాగితాలు అన్నీ పోగేసింది. అవి చాలవని డీఎన్ఏ పరీక్షకు గొట్టాలు తెప్పించింది.

"డాడీ ఇచ్చిండు. నువ్వు గూడ గిండ్ల ఉమ్ము నాయినమ్మా. ఎవరికి ఎవరేమైతరో కంప్యూటరే చెప్తది."

అరుణాదేవి ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. రిజిస్టరులో అబద్ధం రాయించవచ్చు, ఉమ్మికి అబద్ధం ఎవరు నేర్పుతారు? నిజం తెలిసి కొడుకు "అమ్మా" అనడం మానేస్తే?

"ఇప్పుడే చాయ తాగిన బిడ్డా. రేపిస్త" అని గొట్టాన్ని కొంగున ముడేసుకుంది. మర్నాడు ఆటో ఎక్కి చిన్న మంగళారంలో దిగింది.

బంతిపూలు కోస్తున్న అంతమ్మ సంగతంతా విన్నది.

"నలభై ఆరేండ్లు నోరు మూసుకున్న. ఇయ్యాల తెరువుమంటున్నవా సావుకారమ్మా?"

"నీ కాళ్ళు మొక్కుత. నా కొడుకు నాకు దక్కాలె."

"మంచిగున్నడా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా అంతమ్మ గొట్టంలో ఉమ్మింది. "మా మనుమరాలు స్వప్నిక గూడ దొంతన్‌పల్లి కాలేజీల గిట్లనే ఉమ్మిందట. ఏం చదువులో ఏమో!"

మూత సరిగ్గా బిగిసిందా లేదా అన్న హడావుడిలో అరుణాదేవి ఆ మాట చెవిన పెట్టలేదు.

ఆ తర్వాత ఆరు వారాలు ఆమెకు ముద్ద మింగుడు పడితే ఒట్టు. ఫోను మోగితే భయం. మెహదీపట్నం బస్సు కోసం అంతమ్మ పూలగంపతో వచ్చి ఈమె దుకాణం ముందు నిలబడితే మరీ భయం. ఓ ఆదివారం అన్నాల వేళ అక్షిత ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"వచ్చేసింది! నాయినమ్మా, నువ్వూ డాడీ తల్లీకొడుకులే. డౌటే లేదు."

"ఇన్నరా? నన్ను తవుడుకు కొనలేదంట!" అని రాఘవేందర్ మీసం దువ్వాడు.

గండం గడిచింది. చిల్కూరు బాలాజీకి నూట ఎనిమిది ప్రదక్షిణలు మొక్కుకుంటూ ముసలమ్మ కంచంలో చెయ్యి పెట్టింది.

"ఆగు, ఇంకొకటి ఉన్నది," అక్షిత ఫోనులో కిందికి చూసింది. "నాయినమ్మా, నీకు ఇంకో మనుమరాలు ఉన్నదట! స్వప్నికనట, దొంతన్‌పల్లిల చదువుతున్నదట. మెసేజ్ పెడితే ఎంబడే జవాబిచ్చింది. సాయంత్రం వాళ్ళ నాయినమ్మను తోల్కొని మనింటికొస్తదట."

"గిదేందమ్మా! ఇంకో కొడుకును గూడ కని, ఎవరికన్నా తవుడుకు అమ్మినవా ఏంది?"

రాఘవేందర్ నవ్వుతూనే అడిగాడు. తల్లి మొహం చూశాక అతని నవ్వు ఆగిపోయింది.