తిన్నగా పోయిన మూడు బాణాలు

పత్తికొండకు దక్షిణాన ఉన్న తెల్లచెలిమ గ్రామంలో బోరు ఎక్కడ వేయాలో నిర్ణయించేది కోతపండుగ నాటకంలోని బాణం. ఈ ఏర్పాటును ఎవరూ ఆలోచించి చేయలేదు. అది దానంతట అదే స్థిరపడిపోయింది. బైబిలులో ఒక రాకుమారుడు పొలంలో దాగిన మిత్రునికి ఆపదను తెలపడానికి బాణాలు వేసే ఘట్టాన్ని ఏటా చర్చి వెనుక మైదానంలో ప్రదర్శిస్తారు. రాకుమారుని పాత్ర చాలా కాలంగా నెహెమ్యాది. బాణాలు ఏరుకొచ్చే బాలుని పాత్ర ఏసేపుది. అతడు నిజంగానే బాలుడిగా ఉన్నప్పుడు దానిని స్వీకరించాడు. మనవరాలి పెళ్ళి చేసిన తరువాత కూడా వదల్లేదు.

నెహెమ్యా వేసిన బాణం ఎన్నడూ తిన్నగా పోలేదు. ఎప్పుడూ ఎడమకే, ఒకసారి కొంచెంగా, ఒకసారి బాగా దూరంగా పోయేది. ఒక ఏడు అది శివన్న బీడులో దిగింది. శివన్న, వేరే ఆధారమేదీ లేక, అక్కడే బోరు వేయించాడు. నీళ్ళు పడ్డాయి. ఆ తరువాత ఎడమవైపు రైతులు వరుసగా బాణం పడిన చోటనే బోర్లు వేయించారు. కొన్నిటిలో నీళ్ళు వచ్చాయి. రానివాటి మీద బండలు కప్పి, వాటి ప్రస్తావన మానేశారు.

కృపమణి చేను మైదానానికి సరిగ్గా ఎదురుగా ఉంది. అదే ఆమె దురదృష్టం. ఆమె పాత బోరు నిరుటి వేసవిలో బురద కక్కి ఆగిపోయింది. తొలి కాపుకు వచ్చిన చీనీ చెట్లను, అంటే బత్తాయిలను, ట్యాంకరు నీళ్ళతో బతికిస్తోంది. వచ్చే వేసవిలోగా కొత్త బోరు పడకపోతే అవి వంటచెరకు కావలసిందే.

ఆమెకు చిన్నాయన వరుసయ్యే ప్రేమయ్య కర్నూలు కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి, పదవీ విరమణ తరువాత ఊరికి తిరిగివచ్చాడు. ఒక పాత విద్యార్థి దగ్గర నేలను పరీక్షించే పరికరం అరువు తెచ్చి, ఆమె చేనిలో ఇనుప కడ్డీలు పాతి, విద్యుత్తు పంపి, నేల అడుగున తడి ఉండే అవకాశమున్న చోటును గుర్తించాడు. అది మైదానం వైపు గట్టు దాటగానే, చెట్ల వరుస మొదట్లో ఉంది. ఆ వివరాలతో బోరుబండి యజమాని బసవన్నను కలిశాడు.

"మిషను చెప్పింది నేను కాదనను సార్," అన్నాడు బసవన్న. "అయితే ఎండిపోతే మీ మిషనును తిట్టరు, నన్ను తిడతారు. బాణం చెప్పిన చోట ఎండితే పైవాడిని తిట్టల్ల. ఆయన్ను తిట్టేకి ఈ ఊర్లో ఎవురికీ ధైర్యం ల్యాదు. నాకు అదే మేలు."

"నేలకింద నీళ్ళుండేది బాణానికి ఎట్లా తెలుస్తుంది బసవన్నా?"

"నా బండికి మాత్రం ఏం తెలుసు సార్? అది తొలుస్తాది, అంతే."

ప్రేమయ్య ఈ వాదనలో దోషం ఎక్కడుందో వెతికాడు. దొరకలేదు. ఇంటికి వచ్చేశాడు.

"అయితే ఆ బాణాన్నే నా చేనికి రమ్మను చిన్నాయనా," అంది కృపమణి.

"రమ్మంటే రాదమ్మా. సవరిస్తే వస్తాది."

పండుగకు ముందు చర్చి బాణాలను బాగుచేసే పనిని ప్రేమయ్య స్వచ్ఛందంగా తీసుకున్నాడు. విల్లును, నిచ్చెనలు చేసే పీరా ఎప్పుడో వెదురుతో మనిషెత్తున చేసిచ్చాడు. అది మంచి విల్లే. లోపం బాణాలది. అటువంటి విల్లులో బాణం విల్లుకర్రకు పక్కగా ఆనుకుని ఉంటుంది. తాడు మాత్రం దానిని కర్ర మధ్యకు తోస్తుంది. అందుచేత బాణం వదిలిన క్షణంలో కొద్దిగా వంగి, కర్రను చుట్టుకుని దాటి, అవతల మళ్ళీ తిన్నబడాలి. మరీ బిరుసుగా ఉన్న బాణం వంగదు. కర్రను ఒరుసుకుని, కుడిచేత్తో తాడు లాగేవాడికి ఎడమవైపుకు జారిపోతుంది. మరీ మెత్తనిది కుడికి పోతుంది. విల్లు బలానికి సరిపడిన వంపు ఉన్నది మాత్రమే తిన్నగా సాగుతుంది. చర్చి బాణాలన్నీ గొడ్డలి పిడికి పనికొచ్చేంత బిరుసువి. పైగా ఏ రెండింటి బిరుసూ ఒకటి కాదు.

ప్రేమయ్య గోడకు రెండు మేకులు కొట్టి, వాటిపై బాణాన్ని అడ్డంగా ఉంచి, మధ్యలో తూచిన టమోటాల సంచీ వేలాడదీసి, అది ఎంత వంగుతుందో కొలబద్దతో కొలిచాడు. గాజుపెంకుతో వెదురును అన్నివైపులా సమంగా గీకి మళ్ళీ వేలాడదీశాడు. ఆ తరువాత, ఈకలు అతికించకుండానే, నెహెమ్యాను పిలిచి వేరుసెనగ ఎండుమొక్కల వామి మీదికి బాణం వేయించాడు. బాణం తోక కుడికి వాలి గుచ్చుకుంటే ఇంకా బిరుసుగా ఉన్నట్టు; అప్పుడు మళ్ళీ గీకాడు. తిన్నగా గుచ్చుకున్నప్పుడు ఆపి, సీమకోడి ఈకలు అతికించాడు.

ఇక్కడ ఆయన ఒక సంగతి గమనించాడు. నెహెమ్యా ఇన్నేళ్ళూ ఒకే భంగిమలో నిలబడి, విల్లును ఒకే ఎత్తున పట్టి, తాడును ఒకే మేరకు లాగి, పాటలో ఒకే మాట దగ్గర వదిలేవాడు. అతనికి గురి లేదు, కానీ మార్పు కూడా లేదు. కొలతకు ఇంతకన్నా మంచి యంత్రం దొరకదు. బాణం తిన్నగా పోతే కృపమణి చేనిలో తాను గుర్తించిన చోటుకే చేరుతుందని లెక్క తేలింది.

వీధిలో మాత్రం వేరే కథ నడిచింది.

"సార్ బాణానికి టమోటాలు కాయిస్తాండాడంట," అన్నాడు శివన్న.

"పింఛను వస్తాండాది కదప్పా, కాయించనీ," అన్నాడు ఏసేపు.

తాను మోసం చేస్తున్నానా అని ప్రేమయ్య తనను తాను ప్రశ్నించుకున్నాడు. తిన్నగా పోవడం బాణం ధర్మం. ఆ ధర్మాన్ని దానికి తిరిగి ఇవ్వడం మోసం కాదు. అయినా ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలని నిశ్చయించుకున్నాడు.

పండుగనాటి మధ్యాహ్నం ఊరంతా మైదానంలో చేరింది. ఎడమవైపు రైతులు తమతమ గట్లమీద నిలబడ్డారు. ఫోనున్న ప్రతివారూ దానిని ఎడమకు తిప్పి పట్టుకున్నారు. బసవన్న బోరుబండిని కూడా ఎడమవైపే నిలిపాడు. నెహెమ్యా రేకు కిరీటం సర్దుకుని, పాట అందుకుని, బాణం వదిలాడు.

ఏసేపు అలవాటు ప్రకారం ఎడమకు పరుగెత్తాడు. అందరి చూపులూ, అన్ని ఫోన్లూ అతని వెంట పోయాయి. ఏసేపు కొంతదూరం పోయి ఆగాడు, చుట్టూ చూశాడు, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏమప్పా, యాడ పడింది?" అని అరిచారు గట్లమీదివారు.

"పడలేదప్పా."

"వేసినాడు కదా?"

"వేసినాడు. పడలేదు."

ఫోన్లన్నీ వెతికారు. అన్నిటిలోనూ ఎడమవైపు బీడూ, ఏసేపు వీపూ ఉన్నాయి. బాణం పైకే వెళ్ళిపోయిందన్న అభిప్రాయం బలపడసాగింది. అప్పుడు ఎదుటి చేనిలోనుంచి కృపమణి పిలిచింది.

"ఈడ ఉండాది. నా చెట్లకాడ."

"నువ్వే గుచ్చిండావేమో మే," అన్నాడు శివన్న. "నేను పుట్టినప్పట్నుంచి అట్లా పోలేదు అది."

బైబిలు వాక్యంలో మూడు బాణాలున్నాయని, ఇంకా రెండు మిగిలాయని పాస్టరుగారు తీర్పు చెప్పారు. ఈసారి అందరూ ఎదురుగా చూశారు. రెండోది పోయి, మొదటిదానికి మూరెడు దూరంలో దిగింది. మూడోది ఆ రెండింటి నడుమ దిగింది. మూడూ కలిసి, పరికరం చూపిన చోటే, ఒక నులకమంచం పట్టేంత మేరలో ఉన్నాయి. ప్రేమయ్య తన జీవితంలో ఇంత శుభ్రమైన ప్రయోగ ఫలితాన్ని చూడలేదు.

బసవన్న చేనిలోకి నడిచి, బాణాల చుట్టూ తిరిగి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది పైవాడి మాట కాదు. ఆయన ఒకసారే చెప్తాడు. ఒకే మాట మూడుసార్లు చెప్పేది మనిషే. నేను బండి తిప్పను."

ఫలితం పునరావృతం కావడమే సత్యానికి రుజువని ప్రేమయ్య ఇన్నేళ్ళూ తరగతి గదిలో బోధించాడు. కృపమణి చెట్లవైపు చూసింది. ఆకులు మధ్యాహ్నపు ఎండకు ముడుచుకుని ఉన్నాయి. తరువాత బసవన్నవైపు తిరిగింది.

"మనిషి పని అంటాండావు కదా అన్నా. ఏ మనిషో చెప్పు."

"నెహెమ్యా వేసినాడు కదమ్మా."

"నెహెమ్యా అన్న ఇన్నేండ్లలో ఒక్కసారన్నా తిన్నగా కొట్టినాడా?"

గుంపులో నవ్వు పుట్టింది. "పోయినేడు పాస్టరమ్మ కోళ్ళగూటికి గుచ్చినాడు," అన్నాడు శివన్న, తనకు తెలియకుండానే అవతలి పక్షంలో చేరి. నెహెమ్యా కిరీటం తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అట్లాంటోడు మూడు బాణాలు ఒకే చోట దింపినాడు," అంది కృపమణి. "అది నెహెమ్యా అన్న పనంటే నువ్వు నమ్ముతావా?"

బసవన్న నెహెమ్యాను కింది నుంచి పైదాకా చూశాడు. నమ్మలేదు. ఆ అపనమ్మకం క్షణంలో భక్తిగా మారడం ప్రేమయ్య కళ్ళారా చూశాడు. ఇక ఊరుకోలేక ముందుకు వచ్చాడు.

"బసవన్నా, ఇందులో అద్భుతమేమీ లేదు. ఇది నేను చేసిన పని. బాణాలు బిరుసుగా ఉండె. టమోటాలు వేలాడదీసి, వంపు కొలిచి, గాజుపెంకుతో గీకినాను. అందుకే తిన్నగా పోయినాయి."

"టమోటాలు కట్టితే బాణం మాట వింటాదా సార్?" అని బసవన్న ఎంతో మర్యాదగా అడిగాడు.

"కొలతకోసం కట్టినాను. రాయి కట్టినా అంతే."

"అట్లనా సార్," అన్నాడు బసవన్న. శివన్న నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. ఎవరో ప్రేమయ్యకు నీడలో కుర్చీ వేశారు. నెహెమ్యా చేతకానితనానికి ఊరంతా సాక్షి; టమోటాలే బాణాన్ని తిన్నగా నడిపాయనడానికి ప్రేమయ్య ఒక్కడే సాక్షి. సాక్ష్యాలను తూచిన పద్ధతిలో తప్పు లేదని ఆయన ఒప్పుకోక తప్పలేదు. కుర్చీలో కూర్చున్నాడు.

బసవన్న బండిని తిప్పించాడు. బాణాల నడుమ తొలవడం మొదలైంది. చాలాసేపు తెల్లని రాతిదుమ్మే వచ్చింది. పరికరం తడి జాడను మాత్రమే చూపుతుందనీ, నీటికి హామీ ఇవ్వదనీ ప్రేమయ్య కృపమణికి ముందే చెప్పాడు. ఆమె దుమ్మును చూస్తూ కదలకుండా నిలబడింది. ఆయన చూడలేక నేలవైపు చూశాడు. దుమ్ము బూడిదరంగుకు తిరిగి, ముద్దగా మారి, ఆగి, ఒక్కసారిగా బురదనీరు మనిషెత్తున లేచి అందరిమీదా పడింది.

బసవన్న చెప్పులు విడిచి నెహెమ్యాకు దండం పెట్టాడు. నెహెమ్యా మొదట మొహమాటపడ్డాడు; తరువాత కిరీటం మళ్ళీ పెట్టుకుని, చీనీ చెట్టు పక్కన విల్లు పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్లన్నీ అతనివైపు తిరిగాయి.

కృపమణి దోసిట్లో నీళ్ళు పట్టి, నోట్లో పోసుకుని, రుచి చూసి ఉమ్మింది.

"ఉప్పు ల్యాదు చిన్నాయనా," అంది. పార తీసుకుని మొదటి చెట్టువైపు నడిచింది. "నెహెమ్యా అన్నా, పాదులో నిలబడినావు. పక్కకు జరుగు."