కాఫీ రాకముందు చదవాల్సిన కాగితం

ఆక్సెల్ డామ్‌గోర్ పేరు వింటే థోర్కిల్ నోర్బీకి ఈనాటికీ తిన్నది ఒంటబట్టదు. ఇద్దరిదీ ఫియోర్డు అనే ఒకే సముద్రపు పాయ గట్టు, మధ్యన ఒక్క కంచె. ఆక్సెల్ తిట్టలేదు, కొట్టలేదు. మెచ్చుకున్నాడు. మెచ్చుకునే ముంచాడు.

పల్లపు నేలల్లో నిలిచిన నీరు తీయడానికి ఆ ఏడు రైతులంతా సంఘం కట్టి, ఆక్సెల్‌ను అధ్యక్షుణ్ణి చేశారు. కాలువ థోర్కిల్ పచ్చికబీడు నడిమధ్యగా పోయేట్టు పటం గీశారు. అభ్యంతరం ఉన్నవాడు సత్రం హాల్లో నిలబడి తన కాగితం తానే చదవాలి. కాఫీ కెటిల్ గుమ్మం దాటి లోపలికి వచ్చిందంటే ఆ పూటకిక నేల మాట ఎవరూ ఎత్తకూడదు, మిగిలేది సంతకాలే. తాతలనాటి కట్టుబాటు అది.

కాగితం వకీలు రాశాడు. మూడు పేజీలు, ఒక్కో మాటా గూడ్సుబండంత పొడుగు. 'కాలువను కంచె వెంబడికి జరపండి' అన్న అసలు ముక్క చివరి పేజీ అడుగున ఉంది. థోర్కిల్ చదువేమో పదకొండో ఏటనే బంగాళాదుంపల చేలో ఆగిపోయింది. 'అవ్‌వన్నింగ్స్‌ఇంటరెసెంట్‌స్కేబ్' అనే సంఘం పేరు దగ్గరే నాలుక మడతపడేది. కిందటి సమావేశంలో అక్కడ తడబడితే, "ఏమయ్యా, నోట్లో పొగాకు ముద్ద ఉందా?" అన్నాడు ఆక్సెల్. హాలంతా నవ్వింది.

అందుకే పాత బడిపంతులు భార్య థూర ఇంటికి వెళ్ళాడు. ఆవిడ ఆ పేరుకు పెన్సిలుతో అడ్డగీతలు పెట్టింది.

"ఇవి నాలుగు పెట్టెలనుకో. అతుకు దగ్గర విడదియ్యి, పెట్టె మధ్యలో నరక్కు. 'అవ్' మీద, చెక్కబూటుతో అడుగేసినట్టు, బరువు గట్టిగా వెయ్యి. తర్వాతవి తేలిగ్గా. 'సెంట్' దగ్గర మళ్ళీ కొంచెం ఒత్తు."

"అన్నిటిమీదా గట్టిగా వేస్తే ఏం పోయిందమ్మా?"

"కుంటి గుర్రం నడిచినట్టుంటుంది నాయనా."

మూడు వారాలు పాలు పిండుతూ ఆవులకు చదివి వినిపించాడు. అవేమీ నవ్వలేదు.

సమావేశం రోజున లేచి నిలబడ్డాడు. సంఘం పేరు చక్కగా, బరువు పడాల్సిన చోట పడుతూ దొర్లిపోయింది. తర్వాతి మాటా అంతే. మొదటి పేజీ అయ్యేదాకా ఎవరూ నవ్వలేదు.

"ఓరి థోర్కిల్! మన పాస్టరు కూడా ఇంత శుభ్రంగా చదవడు గదయ్యా," అన్నాడు ఆక్సెల్. "వెనకవాళ్ళకు సరిగ్గా వినబడినట్టు లేదు. మళ్ళీ మొదట్నుంచి కానియ్యి."

"అవునవును, మళ్ళీ!" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

థోర్కిల్ చెవులు వేడెక్కాయి. నలభై ఏళ్ళలో అతణ్ణి మళ్ళీ చదవమన్నవాడు లేడు. ఒక్కో మాటనూ విడదీసి, ఒత్తి, నిదానంగా మళ్ళీ చదివాడు. రెండో పేజీ కూడా, ఎవరూ అడక్కుండానే, రెండుసార్లు చదివాడు.

మూడో పేజీ తిప్పుతుండగా సత్రం ఇల్లాలు కెటిల్‌తో గుమ్మం దాటింది.

"కాఫీ వచ్చేసిందిగా. బ్రహ్మాండంగా చదివావు, కూర్చో," అన్నాడు ఆక్సెల్, కప్పు ముందుకు జరుపుకుంటూ.

చివరి పేజీలోని అసలు ముక్కనే ముందు చదివేసి ఉంటే సరిపోయేది. అది థోర్కిల్‌కు కప్పు ఖాళీ అయ్యాక తట్టింది. అప్పటికి పటం మీద సంతకాలు అయిపోయాయి.

కాలువకీ, దాని రెండు గట్లకీ కలిపి పోయింది రెండు టొన్నెల మూడు స్కెప్పెల, అంటే మూడెకరాల పైచిలుకు, పచ్చికబీడు.