డిక్కీలో విల్లు

మా పెదనాయన బాలసుబ్రమణ్యం అంత శాస్త్రం తెలిసిన మనిషి వడమాలపేటలో ఇంకొకరు లేరు. ఈ మాట చెప్పేది ఆయనే. శకునం చూడనిదే చెప్పులో కాలు పెట్టడు. ఆ శాస్త్రం వల్ల ఇంతవరకూ ఎవరికైనా మేలు జరిగిందా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, నా ఖర్మ.

రెండువేల మూడు, మే నెల. చిత్తూరులో జూనియర్ విలువిద్య జట్టుకు ఎంపిక పోటీలు పెట్టారు. నాకు పద్దెనిమిది రాబోతున్నాయి కాబట్టి వయసు లెక్కన అవే నాకు ఆఖరివి. పేరు వస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. రాకపోతే ఇంటి పట్టునే ఉండి ప్రైవేటుగా డిగ్రీ కట్టాలని పెదనాయన ముందే తీర్పు చెప్పేశాడు. మా నాయన కుప్పయ్య సరేనన్నాడు. అన్న ఏమన్నా గంగిరెద్దులా తలూపడం ఆయనకు పుట్టుకతో వచ్చింది.

నా విల్లు తిరుపతిలో మా కోచ్ ప్రేమానందం సారు తెప్పించింది. కలకత్తాలో ఆట మానేసిన ఒకామె వాడినది. నా చేతికొలతకూ నా బలానికీ కుదిరిన విల్లు అదొక్కటే. మూడేళ్ళు దాంతోనే వేశాను. రాత్రి కళ్ళు మూసుకున్నా దాని పిడి నా అరచేతిలో ఉన్నట్టే ఉండేది.

పోటీలు ఇంకో పన్నెండు రోజులున్నాయనగా పెదనాయనకు నా మీద ప్రేమ పుట్టింది. ఆయుధానికి పూజ జరగకుండా పందేనికి పోకూడదన్నాడు. తిరుపతిలో తనకు తెలిసిన అర్చకుడు శఠగోపం గారి చేత చేయిస్తానన్నాడు. నన్నూ నాయన్నూ అంబాసిడర్‌లో ఎక్కించుకొని తీసుకుపోయాడు. విల్లుకు పసుపు, కుంకుమ, ఒక పూలదండ. శఠగోపం గారు మంచి మనిషి, తొందరగా ముగించి "జాగ్రత్తగా పెట్టుకోమ్మా" అని విల్లూ బాణాలూ ఉన్న పెట్టె నా చేతికివ్వబోయాడు. పెదనాయన మధ్యలో అందుకొని డిక్కీలో పెట్టి తాళం వేశాడు.

తిరిగి ఇంటికొచ్చి కారు దిగకముందే గేటు దగ్గర కబురు నిలబడి ఉంది. కార్వేటినగరంలో మా దాయాది ఒకాయన పోయాడు. పొలం గట్టు తగాదా పెట్టుకొని పదకొండేళ్ళుగా మా పెదనాయన ఆయన మొహం చూసింది లేదు. పెళ్ళిలో ఎదురుపడితే పక్కకు తిరిగి ఉమ్మేసేవాడు. బతికున్నప్పుడు మనిషిగా లెక్కపెట్టని వాడు చచ్చిపోగానే రక్తసంబంధీకుడైపోయాడు, ఇంటికి పదిరోజుల మైల వచ్చింది.

నేను డిక్కీ దగ్గరికి పోయాను. పెదనాయన అడ్డం నిలబడ్డాడు.

"పూజ జరిగిన ఆయుధం, మైల ఇంట్లోకి పోకూడదు. పదకొండో దినం శుద్ధి అయినాక తీసుకో."

"అంతవరకూ యాడ పెట్టేది పెదనాయనా?"

"ఆడనే ఉండనీ. కారు మనదే గదా."

కారు మాదే. కారుకు నీడ మాది కాదు. షెడ్డు నిండా మామిడికాయల బుట్టలుండేవి కాబట్టి అంబాసిడర్ ఆ నెలంతా వాకిట్లో ఎండకు నిలబడేది. కత్తిరి ఎండలు. మధ్యాహ్నం పూట ఆ బానెట్ మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేవి.

మర్నాడు ఆ కారులోనే ఆయన కార్వేటినగరం పోయి, శవం దగ్గర కూర్చొని, తిరిగొచ్చాడు. నేను కారు దగ్గరికే ఎదురుపోయాను.

"చావింటికి పోయొచ్చిన కారులో ఉండొచ్చు గానీ, ఇంట్లో ఉండకూడదా?" అన్నాను.

"డిక్కీ తెరవలేదు గదమ్మా," అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఇలాంటి బుర్రకు ఎదురు చెప్పడం ఎలాగో నాకిప్పటికీ తెలియదు. ప్రేమానందం సారుకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన అదిరిపోయి పెదనాయనకు ఇమ్మన్నాడు. ఫోన్లో ఆయన గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"అది ఒంటి కొయ్య కాదన్నా. విల్లుకు పైనా కిందా ఉండే రెక్కలు చెక్క పొరలూ ఫైబర్ పొరలూ గమ్ముతో అతికించినవి. మూసిన కారులో వేడికి గమ్ము లేసిపోతాది. మీ ఇంట్లో వద్దంటే నేనొచ్చి తీసకపోతా."

"పూజ చేసింది పరాయి చేతికిస్తే ఫలం కూడా వాళ్ళకే పోతాది," అన్నాడు పెదనాయన. "కార్వేటినగరం రాజులు విల్లులకు గొడుగులు పట్టించినారా సారూ? ఎండకు కరిగిపోయేదానికి అదేమన్నా వెన్నముద్దా?"

తన హాస్యానికి తనే నవ్వి ఫోన్ పెట్టేశాడు. నాయన కూడా నవ్వాడు. తాళంచెవి పెదనాయన మొలతాడుకు వేలాడేది, స్నానానికి పోయినా విప్పేవాడు కాదు. ఆ పదిరోజులూ నేను తిరుపతి బస్సెక్కి పోయి సారు దగ్గర వెదురు విల్లుతో వేశాను. రోజూ తిరిగొచ్చి వాకిట్లో ఆ కారును చూసేదాన్ని. లోపల నా విల్లు ఉడుకుతూ ఉండేది. ఇంట్లో టీవీ పక్కన ఒక ప్లాస్టిక్ సంచి కొత్తగా చేరింది గానీ, దానివైపు నేను సరిగ్గా చూడలేదు.

పదకొండో రోజు ఇల్లు కడిగి, మామిడాకుతో నీళ్ళు చల్లి, పెదనాయన డిక్కీ తెరిచాడు. పెట్టె తీయగానే గమ్ము వాసన గుప్పుమంది. పూలదండ నల్లటి నార అయిపోయింది. నాలుగు బాణాలకు ఈకలు ఊడి పడున్నాయి, వాటిని రాత్రికి అతికించుకున్నాను. కింది రెక్క అంచున మాత్రం వెంట్రుక మందాన ఒక గీత. గోటితో నొక్కితే మెత్తగా తగిలింది.

"పసుపు గీతమ్మా అది," అన్నాడు పెదనాయన. నేను తుడిచి చూపించాను. ఆయన అప్పటికే పంచాంగం తీసుకొని లోపలికి పోయాడు.

తెల్లారి అదే కారులో ముగ్గురం చిత్తూరు పోయాం. మైదానంలో ప్రేమానందం సారు ఆ గీత మీద గోరు పెట్టి చూశాడు. అక్కడున్న వాళ్ళందరినీ అడిగాడు. నా కొలతకు సరిపోయే విల్లు ఒక్కరి దగ్గరా లేదు. పోటీ నియమం ప్రకారం వెదురు విల్లు కుదరదు.

"వద్దంటే మానేద్దామమ్మా," అన్నాడు. "రెక్క లేసి మొహానికి కొట్టొచ్చు."

"వేస్తా సార్," అన్నాను. భయమేసింది. అయినా మూడేళ్ళ పని అక్కడ నిలబడి ఉంది.

మొదటి బాణం మధ్యలోనే దిగింది. రెండోది దాని పక్కనే. నాకు ఏడుపొచ్చినంత సంతోషమేసింది. మూడోదానికి తాడు గడ్డం దాకా లాగాను. కింది రెక్క అరటిదొప్పలా పొరలు పొరలుగా విప్పుకుంది. తాడు మోచేతిని కోసుకుంటూ పోయింది. బాణం నా ముందే, నాలుగడుగుల దూరంలో పడింది. బల్ల దగ్గర కూర్చున్నాయన కాగితం మీద మహిత అనే నా పేరుకు అడ్డంగా గీత కొట్టి, తర్వాతి అమ్మాయిని పిలిచాడు.

తిరుగు ప్రయాణంలో నేను వెనక సీట్లో ఉన్నాను, మోచేతికి కట్టుతో. ముందు అన్నదమ్ములిద్దరూ. కార్వేటినగరం దగ్గర పడేదాకా పెదనాయన దోషం ఎవరిదో తేలుస్తూనే ఉన్నాడు.

"మైల తీరకముందే ఎవరో డిక్కీ ముట్టుకోని ఉంటారు. లేకుంటే పూజ అయిన ఆయుధం ఇరగదు. మా మహితకు తొందరెక్కువ."

అని నాయన ఒడిలో ఉన్న ప్లాస్టిక్ సంచిలో చెయ్యి పెట్టి ఒక భక్తిపాటల క్యాసెట్ తీశాడు. టీవీ పక్కన చూసిన సంచి అది. కారులో ఎప్పుడూ ఉండే క్యాసెట్లు.

"పెదనాయనా, ఇవి ఈ పదిరోజులూ ఇంట్లోనే ఉన్నాయా?"

"ఉండక? మొదటి దినమే ఎత్తి లోపల పెట్టినా. ఎండలో కారులో పెడితే టేపు సాగిపోతాది గదమ్మా."

"దేవుడి పాటలు గదా. వీటికి మైల లేదా?"

ఆయన గేరు మార్చాడు. నేను నాయన వైపు చూశాను. ఒక్క మాట, ఆ ఒక్కసారి ఆయన నోట్లోంచి వస్తే చాలనుకున్నాను. నాయన గొంతు సవరించుకున్నాడు.

"అన్న చెప్పేది నిజమేమ్మా," అన్నాడు. "సాగిపోయిన టేపు మళ్ళీ పనికిరాదు."

పెదనాయన మీద నాకున్నది కోపం. నాయన మీద ఆ నిమిషంలో పుట్టినదానికి కోపం అనే పేరు చాలదు. ఆయన్ని పట్టుకొని ఇల్లు దాటాలనుకోవడం కుక్కతోక పట్టుకొని గోదారి ఈదడమే.

"కారు ఆపు," అన్నాను.

ఎందుకో ఆపాడు. డిక్కీ తెరిపించి పెట్టె దించుకున్నాను. ఎదురుగా బస్టాపులో మా ఊరి దిక్కు పోయే పుత్తూరు బస్సు కోసం ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. నేను అటు నడిచాను.

పెదనాయన అద్దం దించి తల బయటపెట్టాడు. "ఇరిగిపోయినదాన్ని ఎత్తుకోని యాడికే పోయేది?"

"ఇంటికి," అన్నాను. "లోపల పెడతా."