తీగలమ్మ

కేబులును మీటరుకు తగిలించి, పిన్ను మెడ దగ్గర మెల్లగా వంచింది. అంకె వణికింది. లోపల తెగిన ఆ కేబులును బుట్టలో పడేసి ఇంకొకటి తీసింది. పాత సామాన్ల దుకాణం వెనకగదిలో, సంచుల్లో చిక్కుపడి వచ్చే యూఎస్‌బీ కేబుళ్లను విడదీసి పరీక్షించడం ఆమె పని. పైకి అన్నీ అక్కచెల్లెళ్లలాగే ఉంటాయి. కొన్ని ఫోనుకు కరెంటు మాత్రమే ఇస్తాయి. కొన్ని ఫోటోలూ పాటలూ కూడా మోస్తాయి.

"కొందరు చుట్టాలు తినిపోతారు, కొందరు కబుర్లు కూడా తెస్తారు. అంతేనా తీగలమ్మా?" అని నవ్వేవాడు అన్నయ్య. ఆ పేరు పెట్టింది ఆయనే.

ఆయన పోయాక వదిన ఈ గదికి రావడం ఇదే మొదలు. అన్నయ్య ఫోను తెచ్చింది. స్పీకరు మూగబోయిందనీ, లోపలి బోర్డూ చెడిందనీ, ఈసారి ఆరితే మళ్లీ వెలగదనీ ముందుగదిలో మెకానిక్ తేల్చేశాడు. అన్నయ్య గొంతు రికార్డింగులుగా అందులోనే ఉంది. కంప్యూటరులోకి ఎక్కిస్తేనే వినబడుతుంది.

"తిట్టినా సరే, ఒక్కసారి వినాలనుంది," అంది వదిన.

తీగలమ్మ కేబులు మార్చింది. మళ్లీ మార్చింది. ఛార్జింగు ఎక్కుతోంది, కంప్యూటరు మాత్రం ఫోనును గుర్తుపట్టడం లేదు.

"ఇన్ని పాముల్ని పెంచుతున్నావు, ఒక్కటీ పనికి రాదా?"

"కాస్త ఆగు వదినా, మంచిది దొరకాలి."

"మీ అన్నయ్య ఫోనేగా. పిలవగానే పలికితే ఆశ్చర్యపోవాలి."

నవ్వుతూనే తీగలమ్మ వంగి చూసింది. పిన్ను పూర్తిగా దిగడం లేదు. ఇన్నేళ్లూ తప్పంతా తీగల్లోనే వెతికిన మనిషికి, ఫోను నోట్లోకి తొంగిచూడాలని తోచనే లేదు. సూదితో మెల్లగా గీకింది. నీలం నూలు ఉండలా చుట్టుకుని బయటికొచ్చింది. ఆయన చొక్కా జేబుది.

"బట్టలన్నీ పంచేశాంగా," అంది వదిన, ఎవరూ అడక్కుండానే.

ఈసారి పిన్ను టక్కున దిగింది. ఫైళ్లు ఒక్కొక్కటే వచ్చాయి. చివరిదాన్ని నొక్కింది.

"సబ్బులు, బల్బు... ఇంకేదో చెప్పింది. మర్చిపోయి వెళితే గడప తొక్కనివ్వదు..."

"అగ్గిపెట్టె," అంది వదిన.

ఫోను తెర ఆరిపోయింది. ఇద్దరూ దాన్ని మళ్లీ వెలిగించాలని చూడలేదు. వదిన పైటకొంగుతో కళ్లొత్తుకుంది. తీగలమ్మ అలవాటుగా బల్ల తుడవబోయి, గుడ్డ పక్కన పెట్టేసింది.

సూది పక్కన, గోరంత నీలం నూలు.